గ్రంథానికా, జీవితానికా?

కేంద్ర సాహిత్య అకాడెమీ ఏటేటా ఇచ్చే బహుమానం ఒక గ్రంథానికి చెందుతుంది. విశిష్ట సభ్యత్వం రచయిత జీవితకాల కృషికంతటికీ చెందుతుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌తో 1968లో ప్రారంభమైన ఈ గౌరవానికి ఒక కఠిన నియమం ఉన్నది. జీవించి ఉన్న విశిష్ట సభ్యులు ఏనాడూ 21 మందికి మించరాదు. 24 భాషలకూ కలిపి 21 పీఠాలే! అవి నిండి ఉన్నప్పుడు ఒకరు కన్నుమూస్తేగాని మరొకరికి చోటు లేదు.

విశ్వనాథ సత్యనారాయణకు 1970లో ఈ సభ్యత్వం లభించినది. 1962లోనే ‘విశ్వనాథ మధ్యాక్కఱలు’కు బహుమానం వచ్చి ఉన్నది గనుక ఆయన విషయంలో ఈ భేదం అంతగా పైకి కనిపించదు.

2004లో దీనిని పొందిన భద్రిరాజు కృష్ణమూర్తి సంగతి వేరు. ఆయన ప్రధానంగా భాషాశాస్త్రవేత్త. ముఖ్యగ్రంథాలు ఆంగ్లంలో ఉన్నవి. రైతులు తమ పనిముట్లను ఏ ప్రాంతంలో ఏ పేరుతో పిలుస్తారో సేకరించి కూర్చిన వ్యవసాయ వృత్తి పదకోశం 1962లో ఆయన సంపాదకత్వాన వెలువడినది. అటువంటి పని, కావ్యాలూ నవలలూ పోటీపడే ఏటి బహుమానంలో ఎంతవరకు నిలువగలదు? జీవితమంతటినీ తూచే గౌరవం వేరుగా ఉండబట్టే పదసేకరణ కూడ సాహిత్యసేవగా లెక్కకు వచ్చినది.

సి. నారాయణరెడ్డికి ‘మంటలు మానవుడు’ పై బహుమానం 1973లో, విశిష్ట సభ్యత్వం 2014లో వచ్చినవి. 2017లో ఆ పీఠం మళ్ళీ ఖాళీ అయినది.