దిగకుండ దారి మార్చు వెలుగు

ఉప్పలులో మెట్రో రైలెక్కి రాయదుర్గమునకు పోవువారికి నడుమ దిగవలసిన పని లేదు. మియాపూరునకు పోవువారు మాత్రము అమీరుపేటలో దిగి వేరొక రైలు కొఱకు నిలువవలెను. బండి యెంత వేగముగా పరుగెత్తినను, దిగి యెక్కుటకు పట్టు కాలము తప్పదు. నేడు మన వార్తలను మోయు వెలుగునకును ఇట్టి ఇబ్బందియే కలదు.

ఉప్పలు, నాచారము వీధులలో ఇండ్లకు ఇంటర్నెట్టును తెచ్చు ఫైబరు తీగెలను మనమందఱము చూచినవారమే. వానిలో నున్నది సన్నని గాజునార. మలినములు తొలగించినచో గాజునార దూరవార్తలను మోయగలదని 1966లో చార్లెస్ కావో, జార్జి హాకమ్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. అందులకే కావోకు 2009లో నోబెల్ బహుమానము లభించినది.

ఇట్టి గాజునారలే డేటా సెంటర్లలో వేలకొలది కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలుపుచున్నవి. కాని ప్రతి కూడలి యందును వెలుగు ఆగవలెను. అచట దానిని విద్యుత్తుగా మార్చి, చిరునామా చదివి, మరల వెలుగుగా మార్చి పంపుదురు. మార్చినప్పుడెల్ల కరెంటు ఖర్చగును. ఖర్చయిన కరెంటు వేడియగును. ఆ వేడిని చల్లార్చుటకు మరల కరెంటు కావలెను. మే నెల యెండలలో హైదరాబాదులో ఇది చిన్న విషయము కాదు.

కాలము మాట యేమి? ఉప్పలు రోడ్డుపై 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థను తలచుకొందము. భూకంప తరంగముల వంటి పెద్ద లెక్కలను అనేక కంప్యూటర్లు పంచుకొని చేయవలసి యుండును. అప్పుడు ఒకటి మఱియొకదాని యుత్తరము కొఱకు కాచుకొని యుండుటయే పెద్ద జాప్యమగును.

మౌలాలి యొద్ద గూడ్సుబండి దారి మారునప్పుడు సరకును దింపి యెక్కించరు; పట్టాల పాయింటును మార్చుదురు, అంతే. వెలుగునకు అట్టి పాయింటే సిలికాన్ స్విచ్చి.

సిలికాన్ మన కంటికి నల్లని బిళ్లయే గాని, గాజునారలలో నడచు పరారుణ కాంతికి అద్దము వంటిది. దానిపై కాంతికి దారులు వేయవచ్చునని 1985 నుండి రిచర్డ్ సోరెఫ్ మొదలగువారు చూపిరి. ఆ దారి వెడల్పు సుమారు అర మైక్రాను. అనగా తలవెంట్రుక మందములో నూఱవ వంతుకన్న తక్కువ. స్విచ్చిలో వెలుగు రెండు పాయలై చీలి, కొంత దూరము నడచి, మరల కలియును. రెండు పాయలును సమముగా అడుగు కలిపి వచ్చినచో వెలుగు ఒక ద్వారమున వెడలును. ఒక పాయ అర తరంగము వెనుకబడెనా, రెండవ ద్వారమున వెడలును.

వెనుకబడునట్లు చేయుట యెట్లు? సిలికానును వేడి చేసినచో అందులో కాంతి వేగము కొంచెము తగ్గును. 0.4 మిల్లీమీటరు నిడివి గల పాయను సుమారు 10 డిగ్రీలు వేడి చేసిన చాలును. ఈ మార్పునకు కొన్ని మైక్రోసెకండ్లు పట్టును. వేడికి మారుగా విద్యుదావేశములను ప్రవేశపెట్టినచో నానోసెకండ్లలోనే పని జరుగును గాని, కొంత వెలుగు నష్టమగును.

లోపములును కలవు. వేడితో తిరుగు స్విచ్చిని పరిసరముల వేడియు కలవరపెట్టును. పెక్కు స్విచ్చులు దాటిన వెలుగు క్షీణించును. అన్నిటికన్న ముఖ్యముగా, పాయింటు చిరునామా చదువలేదు, బండిని ఆపి యుంచలేదు. బండి రాకముందే దానిని ఎవరో సరిచేయవలెను. ఆ పని విద్యుత్తుదే. కావున ముందుగా తెలిసిన పెద్ద ప్రవాహములకు ఇది తగును; క్షణక్షణము దారి మారు చిన్న వార్తలకు పాత పద్ధతియే మేలు.

వెలుగును దింపకుండ మరల్చుట ఊహ మాత్రము కాదు. చిన్న అద్దములను కదల్చి వెలుగును మరల్చు స్విచ్చులను తన డేటా సెంటర్లలో వాడుచున్నట్లు గూగుల్ సంస్థ 2022లో వివరించెను. సిలికాన్ స్విచ్చులు అంతకన్న చిన్నవి, చిప్పులవలెనే అచ్చు వేయదగినవి. మద్రాసు ఐ.ఐ.టి.లో సిలికాన్ ఫోటోనిక్సు పరిశోధన సాగుచున్నది.

వెలుగు మన గుమ్మము వరకు వచ్చినది. దారిలో దానిని ఎన్ని మారులు దింపి యెక్కింపవలెను అనునదే ఇక మిగిలిన ప్రశ్న. దింపిన ప్రతి మారును ఆ ఖర్చు కరెంటు లెక్కలోనికి వచ్చుచునే యుండును.