ఎకరాకా? హెక్టారుకా? అడిగాకే బస్తా ఎత్తండి

నాట్లు పడ్డాక ఎరువుల దుకాణం ముందు తరచుగా వినిపించే మాట ఇది. "బాబాయ్, వరికి నత్రజని 120 కిలోలు అని కాగితంలో రాశారు. ఎన్ని బస్తాలు తీసుకోమంటావ్?" బాబాయ్ వేళ్ల మీద లెక్కేస్తాడు. యూరియా బస్తా 45 కిలోలు. అందులో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల 700 గ్రాములు. 120 కిలోలు కావాలంటే ఆరు బస్తాలు. "ఎకరాకి ఆరు బస్తాలెయ్యి" అని తేల్చేస్తాడు.

లెక్క తప్పలేదు. కొలత తప్పింది. కాగితంలో ఉన్న 120 కిలోలు హెక్టారుకు. హెక్టారు అంటే 2.47 ఎకరాలు, చేతిలెక్కకు రెండున్నర ఎకరాలు. ఆ లెక్కన ఎకరాకు కావలసిన నత్రజని 48 కిలోలే. యూరియా రూపంలో 104 కిలోలు, అంటే రెండు బస్తాలు, పైన 14 కిలోలు. ఆరు బస్తాలు వేస్తే డబ్బు పోవడంతో ఆగదు. పైరు ముదురు ఆకుపచ్చగా ఏపుగా పెరుగుతుంది, అగ్గితెగులు, సుడిదోమ ఉధృతమవుతాయి, గింజ గట్టిపడే వేళకు చేను పడిపోతుంది.

మన పొలం ఎకరాల్లో ఉంది. శాస్త్రజ్ఞుల సిఫార్సు చాలాచోట్ల హెక్టార్లలో ఉంటుంది. ఈ రెంటి మధ్య సన్నకారు రైతు నష్టపోతున్నాడు.

రెండు కొలతలు ఎలా వచ్చాయి?

పాతకాలంలో వీశె, మణుగు, కుంచం, పుట్టి ఉండేవి. పేరు ఒకటే అయినా తూకం ఒకటి కాదు. కోస్తాలో మణుగు అంటే 8 వీశెలు, సుమారు 11 కిలోలు. ఉత్తరాదిన 40 సేర్ల మణుగు 37 కిలోల పైమాటే. పుట్టి సంగతి చెప్పనక్కర్లేదు, ఊరు మారితే మారేది. కొనేవాడు తనకు లాభించే మణుగుతో కొనేవాడు. ఈ గందరగోళం పోవడానికే 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి కిలోలు, లీటర్లు, మీటర్లను దశలవారీగా ప్రవేశపెట్టారు. కిలోకు 1000 గ్రాములు, లీటరుకు 1000 మిల్లీలీటర్లు. అన్నీ పదుల లెక్కలే కాబట్టి సున్నాలు కలిపితే, తీసేస్తే సరిపోతుంది.

తూకం మారింది గానీ భూమి మారలేదు. దస్తావేజుల్లో, రైతు నోటిలో ఎకరమే మిగిలింది.

ఎకరం చెడ్డ కొలత కాదు

ఎకరం బ్రిటిష్ వాళ్ల కొలత. దానికి 4840 చదరపు గజాలు. ఆ అంకె చూస్తే తిక్కగా ఉంటుంది. కానీ సెంట్లలోకి వస్తే ఇదీ పదుల లెక్కే. ఎకరానికి 100 సెంట్లు. 66 అడుగుల సర్వే గొలుసు పొడవు, అంతే వెడల్పు ఉన్న మడి సరిగ్గా 10 సెంట్లు. అర ఎకరం, ఎకరం కమతాలున్న మనకు హెక్టారు కంటే ఇదే చేతికి అందుతుంది. అందుకే ఎకరాన్ని వదిలేయమని ఎవరూ అనరు.

అయితే ఒక చిక్కుంది. ఆంధ్రలో సెంట్లు, తెలంగాణలో గుంటలు. గుంటకు 121 చదరపు గజాలు, ఎకరానికి 40 గుంటలు. ఆంధ్ర రికార్డులో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై సెంట్లు. అదే తెలంగాణ పహాణీలో ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే సరిగ్గా రెండున్నర ఎకరాలు. అంకె ఒకటే, తేడా 30 సెంట్లు. రెండు రాష్ట్రాల సరిహద్దు మండలాల్లో భూమి కొనేవారు, కౌలుకు తీసుకునేవారు చుక్క తర్వాత ఉన్నవి సెంట్లా గుంటలా అని ముందే అడగాలి.

పథకాల విషయంలోనూ జాగ్రత్త. హెక్టారు లోపు భూమి ఉంటే సన్నకారు రైతు, హెక్టారు నుంచి రెండు హెక్టార్ల దాకా ఉంటే చిన్నకారు రైతు. రెండు హెక్టార్లంటే ఐదెకరాలని వాడుక. ఖచ్చితంగా చూస్తే 4 ఎకరాల 94 సెంట్లే. నిండా ఐదెకరాలుంటే ఆరు సెంట్లు దాటినట్టు.

బస్తా కొలత కాదు

"మా నాన్న రెండు బస్తాలేసేవాడు, నేనూ రెండే వేస్తున్నా" అంటారు. యూరియా బస్తా ఒకప్పుడు 50 కిలోలు, 2018 నుంచి 45 కిలోలు. రెండు బస్తాలకు పది కిలోలు తగ్గాయి. డి.ఎ.పి. బస్తా మాత్రం 50 కిలోలే. అందులో 18 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి దుక్కిలో బస్తా డి.ఎ.పి. వేసినవారు యూరియా లెక్కలో 9 కిలోల నత్రజని తగ్గించుకోవాలి. బస్తాలు మారతాయి, కిలో మారదు. ఎరువును ఎప్పుడూ కిలోల్లోనే అనుకోవాలి.

మందు డబ్బా మూతతో పొయ్యొద్దు

పురుగుమందు డబ్బా మీద మోతాదు సాధారణంగా హెక్టారుకే రాసి ఉంటుంది. ఉదాహరణకు హెక్టారుకు 500 మి.లీ. మందు, 500 లీటర్ల నీళ్లు అని ఉందనుకుందాం. రెండున్నరతో భాగిస్తే ఎకరాకు 200 మి.లీ. మందు, 200 లీటర్ల నీళ్లు. లీటరుకు ఒక మిల్లీలీటరు పడుతుంది. 16 లీటర్ల ట్యాంకుకు 16 మి.లీ. చాలు. మీటర్ల లెక్కలోని సుళువు ఇక్కడే తెలుస్తుంది.

రైతులు రెండు చోట్ల పొరపడుతున్నారు. హెక్టారు మోతాదును ఎకరాకు పోసేస్తే రెండున్నర రెట్లు పడి ఆకు మాడుతుంది, మిత్రపురుగులు చస్తాయి, పంటలో మందు అవశేషాలు మిగులుతాయి. రెండోది, ఎకరాకు పన్నెండున్నర ట్యాంకులు పట్టాల్సింది ఎనిమిదితో సరిపెట్టడం. అప్పుడు పడే మందు 128 మి.లీ.యే. పురుగు చావదు, తప్పు మందు మీదికి పోతుంది.

మూతలన్నీ ఒక సైజువి కావు. మి.లీ. గీతలున్న కొలపాత్ర ఒకటి కొని మందులకే ఉంచాలి. దాన్ని ఇంట్లో వాడకూడదు, పిల్లలకు అందనీయకూడదు.

పైపు కొనేటప్పుడు

బోరు దగ్గర ఇంకా అంగుళాలదే రాజ్యం. రెండంగుళాలంటే 50 మిల్లీమీటర్లని లెక్కేసి 50 పైపు అడిగితే దుకాణదారు ఒకటిన్నర అంగుళం పైపు ఇస్తాడు. పి.వి.సి. పైపుకు చెప్పే మిల్లీమీటర్లు బయటి వ్యాసం ప్రకారం ఉంటాయి. వాడుకలో రెండంగుళాల పైపు 63, రెండున్నర 75, మూడు 90, నాలుగు 110 మిల్లీమీటర్లు. కొత్త పైపుకు వెళ్లేముందు పాత పైపు ముక్క ఒకటి వెంట తీసుకెళ్తే తిరుగుడు తప్పుతుంది.

అమ్మేటప్పుడు అసలు పరీక్ష

పంట చేతికొచ్చాక వ్యాపారి బస్తా ధర చెబుతాడు. ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకు, అంటే 100 కిలోలకు. 75 కిలోల బస్తా 1500 రూపాయలంటే మూడుతో భాగించి నాలుగుతో హెచ్చవేయండి. క్వింటాలు 2000 పడినట్టు. అదే 1500కు 77 కిలోలు తూస్తే క్వింటాలుకు వచ్చేది 1948 రూపాయలే. ముప్పై బస్తాలమ్మితే 60 కిలోల ధాన్యం, 1200 రూపాయలు ఉత్తపుణ్యానికి పోతాయి. పాత మణుగు మోసం ఈ రెండు కిలోల్లో ఇంకా బతికే ఉంది.

కాబట్టి బేరం క్వింటాళ్లలోనే ఆడండి. సంచి బరువు కలిపా, తీసేసా అని తూకానికి ముందే తేల్చుకోండి. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి.

పొలాన్ని ఎకరాల్లోనే పిలుచుకుందాం, ఇబ్బంది లేదు. కానీ వేసేది కిలోల్లో, పోసేది మిల్లీలీటర్లలో, అమ్మేది క్వింటాళ్లలో ఉండాలి. కాగితం మీద అంకె కనబడగానే "ఇది ఎకరాకా, హెక్టారుకా?" అని ఒక్క మాట అడగండి. హెక్టారుకైతే రెండున్నరతో భాగించండి. ఈ లెక్క ఇంట్లో చదువుకునే పిల్లల చేత గోడ మీద రాయించినా చాలు, సీజనుకు నాలుగు బస్తాల డబ్బు మిగులుతుంది.