ఐ.పి. పెట్టినవారికి వచ్చే ముంపు పరిహారం



మన కర్నూలు, కడప సీమలో "ఫలానావారు ఐ.పి. పెట్టారట" అన్న మాట చెవిన పడని ఇల్లాలు వుండదు. వరసగా వానలు మొహం చాటేసి, శెనక్కాయ పంట పోయి, బోర్లకు పెట్టిన డబ్బు నేలపాలైతే, బాకీలు తీర్చలేనని మనిషి కోర్టుకెక్కుతాడు. అతనికి ప్రోనోటు మీద అప్పిచ్చిన ఇల్లాలేమో, పోయిన సొమ్ము పోయినట్టేననుకుని, ఆ కాగితాన్ని ట్రంకుపెట్టె అడుక్కి తోసేస్తుంది. ఆ తొందర పనికిరాదమ్మా!

ఐ.పి. వ్యవహారమంతా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద నడుస్తుంది. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చినా, మామూలు మనుషుల సొంత బాకీలకు ఈ పాత చట్టమే దిక్కు. ఫలానా మనిషి దివాలా తీశాడని కోర్టు తీర్పు చెప్పగానే అతని ఆస్తి రిసీవరు చేతికి పోతుంది. ఆ తీర్పు బలం పిటీషను వేసిన రోజు నుంచే లెక్క. అంతేకాదు, కోర్టు అతనికి డిశ్చార్జి ఇచ్చేదాకా కొత్తగా సంక్రమించే ఆస్తి కూడా రిసీవరుదే.

ఇప్పుడు అసలు సంగతి. 1981లో శ్రీశైలం నీళ్లు నిలిపినప్పుడు నందికొట్కూరు, ఆత్మకూరు వైపునా, నది అవతల ఆలంపురం వైపునా సుమారు వంద వూళ్లు ఖాళీ అయ్యాయి. పొలాలకు సర్కారు కట్టిన ధర చాలలేదని రైతులు కోర్టులకు వెళ్లారు. ఇలాంటి దావాల్లో పెంచిన మొత్తం చేతికి వచ్చేసరికి ఏళ్లు పూళ్లు గడుస్తాయి. మరి ఈలోగా ఆ రైతు ఐ.పి. పెట్టి, డిశ్చార్జి కూడా పొంది వుంటే, ఆ డబ్బు ఎవరిది? అతనిదా, అప్పులవాళ్లదా?

డబ్బు ఏనాడు వచ్చిందని కాదు, హక్కు ఏనాటిదని చూడాలి. దివాలా తీర్పు నాటికి పొలం అతనిదే అయితే, అది అప్పుడే రిసీవరుకు చెందింది. పరిహారం ఆ పొలం ధరే కదా! ఎన్నేళ్లకు వచ్చినా అప్పులవాళ్లకే పంచాలి. డిశ్చార్జి అయ్యాక కష్టపడి కొనుక్కున్న చెలక ముంపులో పోతే మాత్రం ఆ పరిహారం పూర్తిగా అతనిదే. పాత బాకీదారులు అడగరాదు.

అమెరికాలో ఇలాంటి తగాదా రెండు వందల ఏళ్ల కిందటే నడిచింది. వాస్ అనే బీమా వ్యాపారి 1802లో దివాలా తీశాడు. స్పెయిన్‌వారు పట్టుకుపోయిన ఓడల నష్టం తాలూకు డబ్బు, 1819 ఒడంబడిక పుణ్యమా అని చాలా కాలానికి వచ్చింది. అది అప్పులవాళ్ల తరపు ప్రతినిధులకే చెందుతుందని 1828లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

సర్కారు దయతలచి ఇస్తుందేమోనన్న సాయం సంగతి వేరు. అది వట్టి ఆశ. ఆశను ఎవరూ జప్తు చేయలేరు. కాని డిశ్చార్జికి ముందే అది డబ్బుగా చేతికి వస్తే, ప్రత్యేక మినహాయింపు వుంటే తప్ప, రిసీవరు అడగవచ్చు.

పంపకంలోనూ వరస వున్నది. పొలం బ్యాంకులో తాకట్టు వుంటే, ఆ పరిహారంలోంచి బ్యాంకు ముందు తన బాకీ రాబట్టుకోవచ్చు. మిగిలినదాంట్లో సర్కారు బకాయిలు, పనివాళ్ల జీతాలు ముందు. ఆ తర్వాతే మన ప్రోనోటు! అందరికీ అసలూ, తీర్పు నాటినుంచి నూటికి ఆరు వడ్డీ చెల్లించాక ఏమైనా మిగిలితే అది దివాలాదారుదే.

ఇక ఐ.పి. పెట్టినవారి ఇల్లాలి మాట. ఆమె పుట్టింటి స్త్రీధనం జోలికి రిసీవరు రాకూడదు. సేద్యగాడు కాపురముండే ఇల్లు, నాగలి, ఎడ్లు, విత్తనాలు కూడా మినహాయింపే. అయితే అప్పులు ముంచుకొస్తున్నాయని పొలాన్ని వూరికే భార్య పేర రాసేస్తే, రెండేళ్లలోపు భర్త దివాలా తీసినప్పుడు కోర్టు ఆ దస్తావేజును రద్దు చేయవచ్చు. మన వైపు ఈ పని ఎక్కువే.

అప్పిచ్చిన సోదరీమణులు ప్రోనోటు అసలు కాగితం భద్రం చేసుకుని, అఫిడవిట్‌తో కోర్టులో బాకీ రుజువు చేసుకోవాలి. దివాలాదారు పొలం ముంపులో వున్నదని తెలిస్తే ఆ సర్వే నంబరు రిసీవరుకు రాసి ఇవ్వండి, ఆయనకు తెలిసి వుంటుందనుకోకండి. ఆలస్యమైనా చివరి పంపకం లోపల చేరవచ్చు. కాని అంతకుముందు ఇతరులకు పంచేసిన డబ్బును వెనక్కి లాగడానికి వీల్లేదు.