గుట్ట మీద గడ్డి పోతే.. నేల కింద పోయేదేంటి? తలుపుల బీళ్ల అసలు కథ ఇదీ!

తలుపుల (శ్రీ సత్యసాయి జిల్లా): వాన పడినా కొన్ని గుట్టలు పచ్చబడవు. కారణం వాన ఒక్కటే కాదు.. మట్టిలో కంటికి కనిపించని జీవులు కూడా! ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లే. ఇక్కడ గొర్రెలు, మేకల మేతకు బీళ్లు, గుట్టలే దిక్కు. అందుకే ఈ విషయం కాపరులకు చాలా ముఖ్యం.

అసలేం జరుగుతుంది?
గడ్డి ఆకుల్లో తయారైన ఆహారంలో కొంత వేర్ల ద్వారా మట్టిలోకి వస్తుంది. సూక్ష్మజీవులకు అదే తిండి. వేర్లను అంటుకుని బతికే మైకోరైజా అనే శిలీంధ్రాలు దానికి బదులుగా గడ్డికి భాస్వరం, నీరు అందిస్తాయి. వాటి సన్నని పోగులు మట్టిని గుల్లగా పట్టి ఉంచుతాయి.

గడ్డి మళ్లీ చిగురించేలోపే మేపేస్తే ఆకు తగ్గుతుంది, వేరు కురచబడుతుంది. కింద తిండి ఆగిపోతుంది. శిలీంధ్రాలు తగ్గి, మట్టి గుల్లతనం పోతుంది. వాన చినుకులకు పైపొర బిగుసుకుపోతుంది. నీరు ఇంకకుండా సారవంతమైన మట్టితో సహా వంకల్లోకి కొట్టుకుపోతుంది. అలా వాన పడినా గుట్ట ఎండుగానే మిగులుతుంది.

జీవులన్నీ చచ్చిపోతాయా?
లేదు. అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది. టిబెట్ పీఠభూమి, ఇన్నర్ మంగోలియా గడ్డిభూముల్లో జరిగిన పరిశోధనల్లో తేలింది ఏంటంటే.. నేల చెడినా బ్యాక్టీరియా రకాల సంఖ్య అన్నిచోట్లా పడిపోదు. మారేది ఎవరెవరు ఉన్నారన్నదే. గడ్డికి తోడుండేవి తగ్గి, కరువును తట్టుకునేవి పెరుగుతుంటాయి. తొలకరికి వచ్చే మట్టి వాసన తెలుసు కదా? అది ఎక్కువగా యాక్టినోబ్యాక్టీరియా జాతి జీవుల వల్లే. ఎండు నేలల్లో బాగా తట్టుకునేవి ఇవే. అంటే, కమ్మని వాసన వచ్చినంత మాత్రాన నేల బాగున్నట్టు కాదు!

ఏం చేయాలి?
* బీడును భాగాలుగా చేసి వంతులవారీగా మేపాలి. తొలకరి తర్వాత గడ్డి గింజ కట్టేదాకా ఒక భాగాన్ని వదిలేయాలి.
* ఎండాకాలంలో గుట్టలకు నిప్పు పెట్టకూడదు. ఎండుగడ్డి కాలిపోతే సూక్ష్మజీవుల తిండి కూడా పోయినట్టే.
* వాలుకు అడ్డంగా రాతికట్టలు వేసి, తొలకరిలో స్టైలో, అంజన్ గడ్డి విత్తనాలు చల్లుకోవాలి. స్టైలో పప్పుజాతి మొక్క.. గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది.

పైన పచ్చదనం రెండు మూడు వానాకాలాల్లో రావచ్చు. కింద జీవులు కుదురుకోవడానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి పచ్చగా కనిపించింది కదా అని వెంటనే మందను తోలితే.. కథ మళ్లీ మొదటికే!