నూరు రూపాయల గబ్బిలం

"ట్యాంకులో నీళ్లున్నాయా? ఎవరైనా చూసి రండి!"

ఈ మాట వినబడని ఇల్లు మా హిందూపురంలో ఉండదేమో. కొళాయి రోజూ రాదు. వచ్చినప్పుడే సంపు నింపుకోవాలి, సంపులోంచి మోటారుతో మిద్దె మీది ట్యాంకుకి ఎక్కించుకోవాలి. మోటారు వేసి మరిచిపోయామా, నీళ్లన్నీ వీధిపాలు. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే వాళ్లకి తెలుస్తుంది ఆ బాధ!

పోయిన ఏడాది అలా చూసి రావడానికి వెళ్లే మా అత్తమ్మ ఇనుప నిచ్చెన మీంచి జారి పడ్డారు. మణికట్టు విరిగింది. ఆ రోజు పోపు మాడిపోతోందని, "మీరే ఒకసారి చూసి రండి అత్తమ్మా" అన్నది నేనే. నెలన్నర రోజులు ఆమెకి అన్నం కలిపి పెడుతుంటే ఆ మాట ముల్లులా గుచ్చుకునేది.

అప్పుడే పదో తరగతి చదివే మా అమ్మాయి అంది, "ఇక ఎవరూ నిచ్చెన ఎక్కక్కర్లేదమ్మా. నూరు రూపాయల సామానుతో నేను చేసిస్తా."

గబ్బిలం నేర్పిన విద్య

2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద చాలా బళ్లలో టింకరింగ్ ల్యాబులు పెట్టారు. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు అక్కడ తమ చేతులతో వస్తువులు చేసి చూడొచ్చు. మా అమ్మాయి ఈ సెన్సరు సంగతి అక్కడే నేర్చుకుంది. పేరు హెచ్.సి-ఎస్.ఆర్.04. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో మా వారు కొని తెచ్చారు. నూరు రూపాయలకి అటూ ఇటూగా దొరుకుతుంది. అగ్గిపెట్టె కంటే సన్నంగా, రెండు గుండ్రటి కళ్లతో చిన్న గుడ్లగూబలా ఉంటుంది.

నిజానికి అవి కళ్లు కావు. ఒకటి నోరు, రెండోది చెవి. కొండ ముందు నిలబడి కేక వేస్తే మన కేక మనకే తిరిగొస్తుంది కదా, అదే ఇక్కడ జరిగేది. నోరు కేక వేస్తుంది, ఎదుటి వస్తువుకి తగిలి వెనక్కి వచ్చిన దాన్ని చెవి వింటుంది. ఆ కేక మనకి వినబడదు. మన చెవికి సెకనుకి 20 వేల కంపనాల దాకానే తెలుస్తుంది, దీనిది 40 వేలు.

పాత గుళ్ల చీకటి మూలల్లో ఉండే చిన్న గబ్బిలాలు పురుగుల్ని పట్టేది ఈ విద్యతోనే. 1938లో అమెరికాలోని హార్వర్డ్‌లో చదువుతున్న డొనాల్డ్ గ్రిఫిన్, పియర్స్ అనే ప్రొఫెసరు తయారు చేసిన యంత్రం ముందు గబ్బిలాలను పెట్టి ఆ వినబడని అరుపుల్ని పట్టుకున్నాడు.

లెక్క కూడా తేలికే. ధ్వని ఒక సెంటీమీటరు దూరం వెళ్లి తిరిగి రావడానికి సెకనులో పది లక్షల భాగాలు 58 పడతాయి. 2,900 భాగాలు పడితే దాన్ని 58తో భాగిస్తే 50 సెంటీమీటర్లు. ఈ లెక్క చేసేది ఆర్డ్యునో అనే చిన్న బోర్డు. ఇంటర్‌తో చదువు ఆపేసిన నాకే అర్థమైందంటే మీకూ అవుతుంది.

నా తెలివితక్కువతనం

సెన్సరుని ట్యాంకు మూత లోపల బోర్లించి బిగించారు. బోర్డు మిద్దె మీద నీడలో డబ్బాలో ఉంది, అంకె మాత్రం వంటింట్లో కనబడుతుంది. మొదటి రోజు చూస్తే 110 అని ఉంది. ట్యాంకు నిండుగా ఉందనుకుని దుప్పట్లన్నీ నానబెట్టాను. చేతులు సబ్బు నురగలో ఉండగానే కొళాయి బుస్సుమంది!

సెన్సరు చెప్పేది నీళ్ల లోతు కాదు, మూత నుంచి నీళ్ల దాకా ఉన్న ఖాళీ. మా ట్యాంకులో మూత నుంచి అడుగు దాకా 120. అందులోంచి 110 తీసేస్తే నీళ్లు 10 సెంటీమీటర్లే. ఆ తీసివేతను మా అమ్మాయి బోర్డుకే నేర్పింది.

నెల తిరక్కుండానే అంకెలు పిచ్చిపిచ్చిగా రావడం మొదలైంది. మా అమ్మాయి వైర్లన్నీ విప్పి చూసింది, ఏం దొరకలేదు. మూత నేనే తిప్పి చూశాను. లోపలంతా నీటి చుక్కలు, సెన్సరు కాళ్లకి చిలుము. అన్నం గిన్నె మూత లోపల ఆవిరి చుక్కలు రోజూ చూసే మనకి ఇది కొత్తా! ఈ రకం సెన్సరు తడికి ఆగదు. తడికి తట్టుకునే రకం వేరే ఉంది, జె.ఎస్.ఎన్-ఎస్.ఆర్.04టి అంటారు. వెల మూడు నాలుగు రెట్లు. కానీ దానికొక లోపం. జానెడు లోపల ఉన్నదాన్ని సరిగా కొలవలేదు. అందుకని ట్యాంకు నిండినా నీళ్లకీ దానికీ మధ్య జానెడున్నర ఎడం ఉండేలా బిగించాం. నీళ్లు పడే పైపుకి కూడా దూరంగా జరిపాం. లేకపోతే పైపునే నీళ్లనుకుని ఎప్పుడూ ఒకే అంకె చూపిస్తోంది.

పెనుకొండలో కారు, ధర్మవరంలో కర్ర

పెనుకొండలో ఉండే మా మరిదికి ఇది చెబితే, "మా కారు వెనకాల ఉన్నవీ అలాంటివే వదినా" అన్నాడు. కారు వెనక్కి తీస్తుంటే పీప్ పీప్ అనడం, గోడ దగ్గరయ్యేకొద్దీ తొందరపెట్టడం చూశాం కదా. బంపరుకున్న గుండ్రటి బొత్తాలు చేసే పని అదే. 2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కొత్త కార్లకి వెనక సెన్సర్లు ఉండాలని నియమం పెట్టారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవడం మొదలైందీ ఆ ఏడే.

మా పుట్టిల్లు ధర్మవరం. నలభై ఏళ్లు పట్టుచీరలు నేసిన మా నాన్నకి ఇప్పుడు చూపు బాగా మందగించింది. వేసవి సెలవుల్లో మా అమ్మాయి తాతయ్య కోసం ఒక కర్రకి సెన్సరు, చిన్న బజరు కట్టి తీసుకెళ్లింది. గోడ వస్తే మోగింది, కుర్చీ వస్తే మోగింది. అందరం చప్పట్లు కొట్టాం.

నాన్న అలాగే మగ్గం వైపు నడిచారు. దండెం మీద ఆరేసిన చీర ముఖానికి తగిలింది, కర్ర మోగలేదు. మెత్తటి బట్ట ధ్వనిని మింగేస్తుంది, తిరిగి పంపదు. ఇంకో రెండడుగుల్లో మగ్గం గుంట. అప్పుడూ మోగలేదు. సెన్సరు చూసేది ముందుకే గానీ కిందికి కాదు కదా! నా గుండె ఆగినంత పనైంది. పరిగెత్తి భుజం పట్టుకున్నాను. ఆయన అప్పటికే ఆగి ఉన్నారు.

"గుంట ఎక్కడుందో నా కాలికి తెలుసులేమ్మా. ఈ కట్టెకే తెలీదు" అని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అత్తమ్మ పడిన రోజే గుర్తొచ్చింది.

2014లో ఢిల్లీ ఐ.ఐ.టి. వాళ్లు అంధుల కోసం స్మార్ట్ కేన్ తెచ్చారు. అదీ ధ్వనితో పనిచేసేదే. కానీ వాళ్లు మామూలు కర్రని తీసెయ్యలేదు, దానికే సెన్సరు తగిలించారు. గుంటలూ మెట్లూ కర్ర మొన చెబుతుంది, మోకాలి పైన తగిలే వాటిని సెన్సరు చెబుతుంది. పిల్లలు చేసిన బొమ్మని నమ్మి పెద్దవాళ్లని ఒంటరిగా పంపకూడదని మేం ఆ రోజే నేర్చుకున్నాం. నాన్న చేతికి మళ్లీ పాత కర్రే ఇచ్చాం.

మీరూ చేయించుకుంటారా?

* ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఒక అంకె, నిండినప్పుడు ఒక అంకె రాసి పెట్టుకోండి. మిగతా లెక్కంతా ఆ రెంటి మధ్యనే.
* ఒక్క కొలతని నమ్మకండి. ఐదారు సార్లు కొలిచి మధ్యదాన్ని తీసుకునేలా బోర్డుకి చెప్పించండి.
* ఎండాకాలంలో ధ్వని వేగం పెరుగుతుంది. మీటరు దూరానికి రెండు మూడు సెంటీమీటర్లు తేడా వస్తే కంగారు పడకండి.
* బోర్డుకి సెల్‌ఫోను ఛార్జరిచ్చే 5 వోల్టుల కరెంటు చాలు. మోటారు తీగల జోలికి మాత్రం మీరూ పిల్లలూ పోవద్దు. ఆ పని ఎలక్ట్రీషియన్‌దే.

ఇప్పుడు మా వంటింటి గోడకి అంకె పక్కనే రెండు చిన్న దీపాలున్నాయి. పచ్చది వెలిగితే నీళ్లున్నట్టు, ఎర్రది వెలిగితే మోటారు వెయ్యాలి. నిండగానే బజరు మోగుతుంది. అత్తమ్మ పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి, "పచ్చగుందిలే" అని చెప్పి వెళ్తారు. ఆ ఒక్క మాటకే నా మనసులోని ముల్లు కాస్త మెత్తబడింది.

కరెంటు లేని రోజు సంగతేమిటంటారా? ఆ రోజు మా వారు నిచ్చెన ఎక్కుతారు. అదీ ఒక లాభమే కదా!