సోషలిజం: బూచి, ముసుగు

వివాదాస్పద విషయాల్లో ఇరుపక్షాల వాదనా వినిపించాలన్న ప్రసార నియమాన్ని అమెరికా 1987లో రద్దు చేసింది. మరుసటి ఏడే రష్ లింబా రేడియో కార్యక్రమం దేశమంతటా మొదలైంది. అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే ఎన్నికలు దగ్గరపడితే చాలు, అక్కడి మితవాద రేడియోకు 'సోషలిజం' బూచి అవుతుంది. ప్రభుత్వ ఆరోగ్య బీమా సోషలిజమే, ధనికులపై పన్నూ సోషలిజమే! అర్థం చెప్పరు, భయం చెబుతారు.

అనంతపురంవాడిగా నాకిది పాత కథే. 1952లో ఇక్కడ కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి చేతిలో కాంగ్రెస్ నాయకుడు నీలం సంజీవరెడ్డి ఓడిపోయారు. ప్రకాశం ప్రభుత్వం పడిపోయాక 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రానికి మధ్యంతర ఎన్నికలొచ్చాయి. కమ్యూనిస్టులొస్తే ఆస్తీ, మతమూ దక్కవన్న ప్రచారం ఒకవైపు. 'సోషలిస్టు తరహా సమాజం' మా లక్ష్యమని నెల ముందే ఆవడిలో కాంగ్రెస్ చేసిన తీర్మానం మరొకవైపు. కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లొచ్చినా, 196 స్థానాల్లో దక్కినవి 15.

ఆ ఓటమికి ప్రత్యర్థుల ఐక్యత వంటి కారణాలూ ఉన్నాయి. నేను మాట గురించే చెబుతున్నాను. అమెరికాలో దాన్ని బూచి చేశారు. మన పాలకవర్గం బూచిగానూ చూపింది, ముసుగుగానూ తొడుక్కుంది. 1976లో 42వ సవరణతో ఆ మాట రాజ్యాంగ పీఠికకూ ఎక్కింది. చేలో ఎండిన వేరుశనగ రైతు అప్పు మాత్రం తీరలేదు.

ఈ భూమి ఎవరిది, ఈ నీరు ఎవరిది, ఈ కూలి ఎవరు నిర్ణయిస్తారు? రచయిత ఈ ప్రశ్నలు వేసిన చోటే ఆ మాటకు ప్రాణం తిరిగొస్తుంది.