మిశ్రమ లోహాభరణములు – హాల్‌మార్కు

మన కుటుంబాలలో నగ అలంకారం మాత్రమే కాదు, ఆపదలో ఆదుకొనే నిధి కూడా. తల్లిదండ్రులు కూడబెట్టి కొన్న నగ తాకట్టుకు వెళ్ళిన నాడు వన్నె తక్కువని తేలితే, ఆ నష్టం ఎవరు తీర్చగలరు? ఇట్టి మోసమును నివారించుటకు ఏర్పడినదే హాల్‌మార్కు. దానిని గూర్చి కొంత వివరింపదలచినాము.

గీటురాయి తనపై గీచిన చోటి లోహాన్ని గురించి మాత్రమే చెప్పగలదు. వెండి ఉంగరానికి బంగారు పువ్వు అతికించి, పువ్వుపై మాత్రమే 750 అని ముద్రిస్తే, ఉంగరమంతా బంగారమేనని కొనేవారు భ్రమపడరా?

ఈ చిక్కును బ్రిటన్ చక్కగా పరిష్కరించింది. లండన్‌లోని స్వర్ణకారుల హాలులో ముద్ర వేయడం వల్లనే హాల్‌మార్కు అనే పేరు వచ్చింది. అచటి 1973 నాటి చట్టం వెండి, బంగారం, ప్లాటినంలకు వర్తిస్తుంది. 2010 నుండి పెల్లేడియం కూడా చేరింది. మిశ్రమ నగలకు సూత్రమిది: తక్కువ విలువగల లోహంపై పూర్తి ముద్ర, ఎక్కువ విలువగల దానిపై స్వచ్ఛతను తెలిపే అంకె. పై ఉంగరంలో వెండిపై తయారీదారు గుర్తు, 925 అనే అంకె, పరీక్షాశాల గుర్తు ఉంటాయి. పువ్వుపై 750 ఉంటుంది. 925 అనగా వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు శుద్ధమైన వెండి అని అర్థం. బంగారు పూత పూసిన వెండి చట్టం దృష్టిలో వెండియే. ఏ వస్తువూ తన విలువను ఎక్కువ చేసి చెప్పుకొనరాదన్నదే ఈ నియమాల సారం.

మన దేశంలో బంగారానికి 2000లో ప్రారంభమైన హాల్‌మార్కింగ్, 2021 జూన్ 23 నుండి 256 జిల్లాలతో మొదలై దశలవారీగా నిర్బంధమైంది. నేడు నగపై బి.ఐ.ఎస్. చిహ్నం, వన్నె, అక్షరాలూ అంకెలూ కలసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య ఉంటాయి. 22 కేరట్ల బంగారానికి గుర్తు 916. ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అనే మొబైల్ యాప్‌లో సరిచూచుకొనవచ్చును.

అయితే హైదరాబాదు వాసులు మక్కువతో ధరించే జడావు నగలకు, కుందన్, పోల్కీ నగలకు ఈ నిర్బంధం నుండి మినహాయింపు ఉన్నది. వాటిలో బంగారంతోపాటు రాళ్ళు, లక్క కూడా తూగుతాయి. కావున బంగారం బరువు, రాళ్ళ బరువు, వన్నె వేరువేరుగా రసీదులో వ్రాయించుకొనడం కొనేవారి కర్తవ్యం.

నగ తళుకును చూచి మురియుటకు ముందు దానిపై ముద్రను చదువుదాం. కష్టార్జితానికి అదే రక్ష.